కదలని గడి

మొన్న మా అమ్మాయికి ల్యాప్‌టాప్ కొందామని సికింద్రాబాదులో ఒక షాపుకి వెళ్ళాను. ధర, రంగు, బరువు అన్నీ అయ్యాక, తెలిసినవాడిలా గొంతు సవరించుకుని, "ఇందులో డిస్కుని ఎన్ని భాగాలు చేసిస్తారమ్మా?" అని అడిగాను. కౌంటర్లో ఉన్న అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది. కొత్త కారు బేరం చేస్తూ, ఎడ్లకి గడ్డి ఎక్కడ వెయ్యాలి అని అడిగినవాణ్ణి కూడా అంత జాలిగా చూసి ఉండరు. "ఒక్కటే సార్, సీ డ్రైవ్. అన్నీ అందులోనే. మీరేం చెయ్యక్కర్లేదు" అంది. మీరేం చెయ్యక్కర్లేదట! ఒక డిస్కుని ఎలా కొయ్యాలన్న విషయం మీద నేను ఒక వర్షాకాలమంతా ఉపన్యాసాలిచ్చాను. పద్మారావు నగర్ సగం నా మాట విన్నది, మిగతా సగం కిటికీలు మూసుకున్నది. అది ఆ పిల్లకి ఎలా తెలుస్తుంది? కార్డు యంత్రం రసీదు కక్కేలోపు నేను దేవదానం మాస్టారి మేడ మెట్లు ఎక్కేశాను, మనసులోనే.

దేవదానం మాస్టారు పూర్వాశ్రమంలో టైపు మాస్టారు. వాళ్ళ మేడ మీది ముందు గదిలో డజను టైపు మిషన్లు ఉండేవి. అవన్నీ ఒక్కసారి మోగితే కింద వీధిలో పోయే గేదెలు వడగళ్ళవాన అనుకుని చూరు కిందికి పరిగెత్తేవని చెప్పుకునేవారు. చెప్పుకునేవారు అంటే, నేనే చెప్పేవాణ్ణి. మెట్లు ఎక్కుతుండగానే రిబ్బను సిరా వాసన, మిషను నూనె వాసన, లోపల్నించి మాస్టారి భార్య సుగుణమ్మ ఆంటీ కాచే అల్లం టీ వాసన మూడూ కలిసి ముక్కుపుటాల్లో ప్రార్థనాకూటం పెట్టేవి. మాస్టారికి జీవితంలో ఒకే ఒక్క శత్రువు ఉండేది: వంకర. కాగితం మీద అంచు తిన్నగా లేకపోతే ఆయనకి అన్నం సయించేది కాదు. గోడ క్యాలెండరు గాలికి పక్కకి ఒరిగితే పాఠం ఆపి వెళ్ళి సరిచేసి వచ్చేవారు. గుమ్మం ముందు వదిలిన చెప్పుల్ని సైజుల వారీగా వరుస పెట్టేవారు. నన్ను చేర్పించడానికి వచ్చిన మా నాన్న, తిరిగి వెళ్ళేటప్పుడు తన చెప్పులు చివరినుంచి రెండో జతగా ఉండడం చూసి, తన పాదాల గురించి అన్నాళ్ళూ పెట్టుకున్న గొప్ప అభిప్రాయం మార్చుకోవలసి వచ్చింది.

అంతలో నగరానికి కంప్యూటర్ల వరద వచ్చింది. ఆ రోజుల్లో అమీర్‌పేట వైపు ఒక రాయి విసిరితే అది ఒక ఇన్‌స్టిట్యూట్ బోర్డుకి తగిలి, ఎగిరి ఇంకో ఇన్‌స్టిట్యూట్ బోర్డుకి తగిలి, కిందపడేలోపు ఆ రాయికి కూడా ఏదో ఒక కోర్సులో సీటు ఇచ్చేసేవారు. మాస్టారి టైపు గదికి రావడం మానేసిన పిల్లలు ఇలాంటి బోర్డుల కింద కనిపించసాగారు. ఆయన పెద్ద మనసు చేసుకుని మిషన్లన్నీ వదిలించుకుని, ఒకే ఒక్క కంప్యూటరు తెచ్చారు. దానికి ఆంటీ పాత చీర అంచుతో ముసుగు కుట్టింది. గదిలో ఉన్న ఒకే ఒక్క టేబుల్ ఫ్యాను దానికేసి తిప్పారు. మనుషులు ఉక్కకి చచ్చినా ఫరవాలేదు. నాలుగు జీబీల డిస్కు. ఇవాళ నాలుగు జీబీలు అంటే పెళ్ళి వీడియోలో సగం కూడా కాదు కానీ, అప్పట్లో అది హుస్సేన్ సాగర్‌ని తెచ్చి ఇంట్లో బిందెల పక్కన పెట్టుకున్నట్టు. దాన్ని నింపాలంటే మూడు తరాలు పడుతుందని నేను సర్టిఫికెట్ ఇచ్చాను. నేను అప్పటికి ఇంజినీరింగ్ డిగ్రీ పూర్తి చేసి, ఉద్యోగం రాక, ఒక కంప్యూటర్ పత్రిక సగం చదివి ఉన్నాను. అంచేత మాస్టారు నన్ను ఇన్‌స్ట్రక్టరుగా పెట్టుకున్నారు.

ఆ ఒక్క మిషనుకి నాలుగు బ్యాచీలు. పొద్దున్నే బన్సీలాల్‌పేట్ నుంచి నర్సింగన్న. షామియానాలు, కుర్చీలు అద్దెకిచ్చే టెంట్ హౌస్ ఆయనది. లెక్కల ప్యాకేజీ నేర్చుకోవడానికి వచ్చేవాడు. పదకొండింటికి లేడీస్ బ్యాచ్, దానికి నాయకురాలు మా అమ్మ. మా అమ్మది విజయనగరం. సికింద్రాబాదు వచ్చి పాతికేళ్ళయినా ఆవిడ నాలుక ఇంకా రైలు దిగలేదు. కంప్యూటర్లో రంగులతో ముగ్గులు వెయ్యడం తప్ప ఇంకేదీ నేర్చుకోనని ఆవిడ మొదటిరోజే ప్రకటించింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక సుగుణమ్మ ఆంటీ. సాయంత్రం నేనూ నా తోటి ఇంజినీరింగ్ కుర్రాళ్ళూ, పత్రికతో పాటు ఉచితంగా వచ్చిన లైనక్స్ అనే కొత్త సిస్టము సీడీని పట్టుకుని, ఎక్కడ ఎక్కించాలా అని కాచుకుని కూచునేవాళ్ళం.

గొడవలు ఎలా ఉండేవంటే, అందరూ ఆ ఒక్క సీ డ్రైవులోనే కాపురం. మా అమ్మ తెర మీద సింహాద్రి అప్పన్న బొమ్మ పెట్టి వెళ్ళేది. మధ్యాహ్నం ఆంటీ దాన్ని భద్రంగా పక్కకి తీసి ఒక బైబిలు వాక్యం పెట్టేది. పొద్దున్నే నర్సింగన్న ఆ రెండూ తీసేసి, ఎర్ర షామియానా కింద తను నిలబడిన ఫోటో పెట్టేవాడు. దేవుళ్ళు షిఫ్టు డ్యూటీలు చేస్తున్న ఇల్లు ప్రపంచంలో అదొక్కటే అయి ఉంటుంది. ఒకరోజు నర్సింగన్న డిస్కులో చోటు కోసం వెతుకుతూ, మా అమ్మ వారం రోజులు వేసిన రథం ముగ్గుని చెరిపేశాడు.

"ఏటండీ నర్సింగరావుగారూ, నా రథం ఏమయిపోయింది?"

"రథమా? నాకేం ఎరుక అక్కా. గాడ ఒక ఫైలు అడ్డముండె, తీసేసిన."

"అడ్డమేటి! నట్టనడి వీధిలో పెట్టీసేనేటి నేను?"

మాస్టారు చేతులు జోడించి ఇద్దరి మధ్యా నిలబడ్డారు. "ఎవరి చోటు వాళ్ళకి ఉంటే గొడవ ఉండదు. మూర్తీ, డిస్కుని భాగాలు చెయ్యొచ్చని నువ్వేదో చదివానన్నావు కదా, చేసెయ్యి" అన్నారు నాతో. ఆ రోజునుంచి నేను నేల మీద నడవడం మానేశాను.

మర్నాడు మా ఇంట్లోంచి నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీ పట్టుకుని బయల్దేరాను. "ఖాళీ కేరేజీ పట్టుకుని ఎక్కడికిరా ఎల్తన్నావు? నవ్వుతారు" అంది అమ్మ. అయినా వెనకాలే వచ్చింది, క్యారేజీ తిరిగొస్తుందో రాదో అని. మాస్టారి గదిలో అందర్నీ కూచోబెట్టి క్యారేజీ విప్పి బల్ల మీద పరిచాను. డిస్కు ఎంత పెద్దదైనా సరే, దాని మీద అసలు భాగాలు నాలుగే పడతాయి. ఐదోది పెట్టబోతే మిషను ఒప్పుకోదు, క్యారేజీకి ఐదో గిన్నె పట్టనట్టే. ఒక్కో గిన్నెలో ఒక్కో సిస్టము ఉంటుంది. మిషను వెయ్యగానే ఏ గిన్నె తెరవాలని అడుగుతుంది. ఒక గిన్నెలోని పులుసు ఇంకో గిన్నెలోని పెరుగులో కలవదు. ఇదీ నా ఉపన్యాసం. ఇంత స్పష్టంగా నేను మళ్ళీ జీవితంలో ఏదీ చెప్పలేదు.

నర్సింగన్న గిన్నెల్ని వేలుతో లెక్కపెట్టాడు. "నాలుగు బ్యాచులున్నయ్, నాలుగు గిన్నెలున్నయ్. బరాబర్. ఇంక పరేషాన్ ఏందీ?"

"లైనక్సుకి రెండు కావాలన్నా. ఒకటి ఉండడానికి, ఒకటి ఖాళీగా పెట్టుకోవడానికి."

"ఖాళీగనా?"

"మెమరీ నిండిపోతే కాసేపు బరువు అక్కడ దింపుకుంటుంది."

"అంటే తమ్మీ, మేమేమో ఇరుకుల సదురుకోవాలె, నీ లైనక్సుకు దమ్ము తీసుకునేతందుకు అలగ్ రూమా? అదేమన్న ఇంటల్లుడా?"

గది ఘొల్లుమంది. మా అమ్మ మాత్రం నవ్వకుండా గిన్నెలకేసి చూస్తోంది. "అందరికీ కలిపి ఒకటి ఉండక్కర్లేదేటిరా? పచ్చడి గిన్నెలాగ. ఇటునుంచి ఇద్దరు, అటునుంచి ఇద్దరు ముట్టుకునేది" అంది. నేను నోరు తెరిచాను. అన్ని సిస్టములూ చదవగలిగే ఉమ్మడి భాగం ఒకటి ఉంచుకోవాలని ఆ పత్రికలో ఉంది, నేను చదవని రెండో సగంలో! ముగ్గులు తప్ప నేర్చుకోనన్న మనిషి అది గిన్నెల్లోంచి లాగింది. అలా నలుగురికి ఆరు భాగాలు తేలాయి, గిన్నెలు నాలుగే. అప్పుడు నేను గారడీవాడిలా జేబులోంచి మూడు చిన్న కటోరీలు తీసి నాలుగో గిన్నెలో పేర్చాను. నాలుగోదాన్ని తినడానికి కాకుండా గిన్నెలు పెట్టుకునే గిన్నెగా వాడుకోవచ్చు. అందులో ఎన్ని చిన్నవైనా పడతాయి. అదే డిస్కు విద్యలోని పరమ రహస్యం. మాస్టారు స్కేలు పెట్టి ఆ పథకమంతా నల్లబల్ల మీద గీశారు. మొదటిది ఆంటీకి, రెండోది లేడీస్ బ్యాచీకి, మూడోది నర్సింగన్నకి, నాలుగో గిన్నెలో లైనక్సు, దాని ఖాళీ గది, పచ్చడి గిన్నె. గిన్నెలు నాలుగూ సమానం. గీత గీతకీ ఆయన మొహం వెలిగిపోయింది.

అప్పుడే ఆంటీ టీ గ్లాసుల పళ్ళెంతో వచ్చింది. పళ్ళెం మా అమ్మ ఎదురెళ్ళి అందుకుంది, ఎందుకంటే ఆంటీ చేతిలో గ్లాసులు గలగలమంటున్నాయి. ఆంటీ మిషన్ స్కూల్లో తెలుగు టీచరుగా చేసి రిటైరయింది. ఆవిడ దస్తూరీ చూసి, అచ్చుకూటంలో అక్షరాలు సిగ్గుపడి పెట్టెల్లో దాక్కునేవని ప్రతీతి. అలాంటి చేతికి వణుకు వచ్చింది. పెన్ను పట్టుకుంటే 'క' రాయబోయి కాకరకాయ తీగ గీసేది. చిత్రమేమిటంటే, కీబోర్డు మీద ఒక్కో మీటా నొక్కేటప్పుడు ఆ వణుకు అక్షరం దాకా వచ్చేది కాదు. మాస్టారు ఆవిడ కోసమని బేగంపేటలో ఒక షాపునుంచి, నల్లతెర మీద తెలుగు అక్షరాలు పడే ఒక పాత డాస్ ప్రోగ్రాము కొనుక్కొచ్చారు. మధ్యాహ్నాలు ఆవిడ దాంట్లో క్రిస్మస్‌కి సండే స్కూలు పిల్లల చేత వేయించే నాటకం రాస్తోంది. ఎన్నో ఏళ్ళు ఇతరుల రచనలు పాఠాలుగా చెప్పిన మనిషి మొట్టమొదటిసారి సొంతంగా రాస్తున్నది. సగం పూర్తయి, ప్రింటు కూడా తీసింది. మిగతా సగం ఆవిడ తలలో ఉంది.

"మీరు ఎన్ని గిన్నెలైనా చేసుకోండి నాయనా. నా ప్రోగ్రాము జోలికి మాత్రం రావద్దు" అంది ఆంటీ. కారణం ఉంది. ఆ ప్రోగ్రాము వచ్చిన ఫ్లాపీకి వానాకాలంలో బూజు పట్టింది. అమ్మిన షాపువాడు దుకాణం ఎత్తేశాడు, ఆ స్థలంలో ఇప్పుడు జ్యూసులు అమ్ముతున్నారు. ఒకసారి పోతే మళ్ళీ ఎక్కించే దారి లేదు. "ఆంటీ, ఒక్క అక్షరం కదలదు" అని నేను మాట ఇచ్చాను. నా పత్రిక సీడీలో, ఉన్నదాన్ని చెరపకుండా డిస్కుని కుదించే చిన్న ప్రోగ్రాము ఉంది. కాకపోతే కుదించేముందు డిస్కు నిండా చెల్లాచెదురుగా ఉన్న ఫైళ్ళని ముందు వైపుకి సర్దాలి. కండక్టరు "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అని బస్సులో వెనక చోటు చేసినట్టు. దానికి ఇంకో ప్రోగ్రాము ఉండేది.

ఆ సర్దుడు కార్యక్రమం ఆదివారం పెట్టుకున్నాం. మాస్టారు, ఆంటీ చర్చి నుంచి వచ్చి, కొరమేను పులుసు పొయ్యిమీద పెట్టేసరికి మేమంతా హాజరు. నర్సింగన్న తన టెంట్ హౌస్ కుర్చీలు రిక్షాలో వేసుకొచ్చాడు. మా అమ్మ జంతికలు తెచ్చింది. ఇవాళ్టి పిల్లలకి చెబితే నమ్మరు. తెర మీద చిన్న చిన్న రంగు గళ్ళు ఒకచోట మాయమై ఇంకోచోట ప్రత్యక్షమవుతుంటే, ఆ మధ్యాహ్నమంతా మేము రెప్ప వెయ్యకుండా చూశాం. నీలం గడి ఒకటి వెనకనుంచి లేచి ముందుకి వచ్చి కూచుంటే చప్పట్లు. తప్పు చోట కూచుని మళ్ళీ లేస్తే "అరెరె!" క్రికెట్టుకి కూడా అంత ఉత్కంఠ లేదు. ఏ గడిలో ఏముందో ఎవరికీ తెలియదు, అందుకే అంత కుతూహలం. "అదిగో, అది నా కొత్త రథమే, తూగుతూ వస్తంది చూడండి" అని మా అమ్మ. "గా లావుది నా పోయిన నెల హిసాబ్" అని నర్సింగన్న.

క్రమంగా గళ్ళన్నీ పైన వరుసలు కట్టాయి, కింద తెల్లటి ఖాళీ పరుచుకుంది. ఆ తెల్లదనం నట్టనడుమ ఒక్క గడి మిగిలిపోయింది. దాని మీద ఎర్రటి ఇంటూ మార్కు. ఎంతసేపు చూసినా అది కదల్లేదు.

"ఎవరో అలిగి కూచున్నారు" అంది మా అమ్మ.

"గాడు రౌడీషీటర్ లెక్క ఉన్నడు. పోలీసోళ్ళు వచ్చినా లేవడు" అన్నాడు నర్సింగన్న.

"ఏదో దాచిపెట్టిన ఫైలు. అక్కణ్ణించి తీయొద్దని దాని మీద రాసుంటుంది" అన్నాను. అది ఎవరిదో, ఎందుకు దాచారో నాకు తెలియదు, తెలుసుకోవాలని మాత్రం అరిచేతులు దురదపెట్టాయి. "దాన్ని అలాగే వదిలేసి, దాని తర్వాతనుంచి కోద్దాం. ఆంటీ గిన్నె పెద్దదవుతుంది, మనవి చిన్నవవుతాయి, అంతే" అని తేల్చాను. సమానత్వం పోయిందని నర్సింగన్న కాసేపు గొణిగాడు. ఇంతలో లోపల్నించి ఆంటీ "చల్లారిపోతుంది, రండి" అని పిలిచింది. పులుసు వాసన ముందు డిస్కు విద్య నిలవలేదు. అందరం లేచి చేతులు కడుక్కోవడానికి పెరటి వైపు వెళ్ళాం.

మాస్టారు వెళ్ళలేదు. పాపం, ఎలా వెళ్ళగలరు? తెల్లటి కాగితం మధ్యలో అడ్డంగా ఒక్క అక్షరం పడి ఉంది. ఎన్ని వేల కాగితాలకి అంచులు సరిచేసిన మనిషి! ఆ ఒంటరి గడి ఆయన్ని క్యాలెండరులా, చెప్పుల్లా పిలిచి ఉంటుంది. ఆయన ఆ ప్రోగ్రాములో ఒక్కో మెనూ తెరిచి చదివి, "దాచిన ఫైళ్ళని కూడా జరుపు" అనే చోట టిక్కు పెట్టారు. మేము విస్తళ్ళ ముందు కూచుంటుండగా ముందు గదిలోంచి కేక వినిపించింది: "మూర్తీ! సుగుణా! వచ్చి చూడండి, వరుసలో నిలబెట్టాను!" పరిగెత్తాం. నిజమే, ఎర్ర గడి నీలాల చివర బుద్ధిమంతుడిలా నిలబడింది, తెర ఇస్త్రీ చేసినట్టుంది. చప్పట్లు మోగిపోయాయి. అందరికంటే గట్టిగా కొట్టింది ఆంటీయే.

"ఒకసారి నాది తెరిచి చూపించు నాయనా" అంది ఆవిడ. తెరిచాను. నల్లతెర వచ్చింది. తెలుగు అక్షరాలు రావలసిన చోట ఇంగ్లీషులో ఒక్క వాక్యం వచ్చింది, ఇది అనుమతి లేని కాపీ అని. మళ్ళీ తెరిచాను. మిషను ఆపి వేసి తెరిచాను. అదే వాక్యం. ఆ గడి ఆంటీ ప్రోగ్రాముకి తాళం. ఎక్కించిన రోజున తయారీవాళ్ళు దాన్ని డిస్కు మీద ఒక చోట పాతిపెట్టారు. ప్రోగ్రాము తెరిచిన ప్రతిసారీ అది అదే చోట ఉందా అని చూసుకుంటుంది. ఉంటే అసలుది, లేకపోతే దొంగది.

పులుసు చల్లారిపోయింది. మాస్టారు ఏదో అనబోయారు. ఆంటీ ఆయనకేసి చూడకుండా, "మీరు సర్దింది గడిని కాదండీ. నా చేతిని" అంది. లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది. అతిశయోక్తులు చెప్పడమే వృత్తిగా పెట్టుకున్నవాణ్ణి, ఆ తలుపు చప్పుడుని మాత్రం ఉన్నదానికంటే పెద్దది చేసి చెప్పలేను.

ఆ గడిని తిరిగి పాతచోట పెట్టాలని మేము చెయ్యని ప్రయత్నం లేదు. చోటు ఎవరికైనా గుర్తుంటేగా! పైనుంచి ఏడో వరుస అని మా అమ్మ, కాదు కిందినుంచి ఏడని నర్సింగన్న, వరుసలు కాదు నిలువు గళ్ళు లెక్కపెట్టాలని మాస్టారు. తీరా తెలిసిందేమిటంటే, తెరమీద ఒక్క గడి అంటే డిస్కు మీద ఒక పేట అంత. పేట తెలిసినా, అందులో ఏ ఇల్లో ఎవరు చెబుతారు? చివరికి ఒప్పుకున్నాం. డిస్కు కొయ్యడం మాత్రం నిర్విఘ్నంగా జరిగింది. ఇంజినీరింగ్ న్యాయం ప్రకారం, చచ్చిపోయిన ప్రోగ్రాము ఉన్న మొదటి గిన్నె ఇక దండగ. దాన్ని చెరిపేసి మిగతావాళ్ళకి పంచవచ్చు. ఎక్కువ చోటు కావాలని మొదటినుంచీ పోట్లాడింది నర్సింగన్నే కాబట్టి, "అన్నా, నువ్వు తీసుకో" అన్నాను. ఆయన నన్ను పురుగుని చూసినట్టు చూశాడు.

"గది టీచరమ్మది. నాకొద్దు తమ్మీ. నా టెంట్లు ఎట్లనన్న బయటనే ఉంటయ్."

అలా మొదటి గిన్నె మొదటి గిన్నెగానే ఉండిపోయింది. మిషను వెయ్యగానే వచ్చే మెనూలో మొదటి వరుస 'ఆంటీ'. ఎవరూ ఏ మీటా నొక్కకపోతే దానంతటదే ఆవిడ నల్లతెర తెరుచుకునేది. కొన్నాళ్ళకి ఆవిడ మధ్యాహ్నాలు మళ్ళీ వచ్చి దాని ముందు కూచోవడం మొదలుపెట్టింది. తెర మీద తెలుగు అక్షరాలు రావు కాబట్టి, తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేది: ఇవాళ వంకాయ కూర కుదిరింది అని. మిషను "బ్యాడ్ కమాండ్" అనేది. నా కోడి పెట్ట కనబడలేదు అని కొట్టేది. "బ్యాడ్ కమాండ్." నేను జాలిపడి చూస్తుంటే ఆవిడ నవ్వింది. "మీ మాస్టారికంటే నయం మూర్తీ. తప్పో ఒప్పో, వెంటనే జవాబు చెబుతోంది." ఇవాళ మా ఇంట్లో అందరూ ఫోన్లలో తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టుకుంటున్నారు. పద్మారావు నగర్‌లో ఆ విద్యని కనిపెట్టింది సుగుణమ్మ ఆంటీ అని నేను సభాముఖంగా ప్రకటించగలను, ఎవరైనా సభ పెడితే.

క్రిస్మస్ దగ్గరపడింది. సగం నాటకం ఇంకా ఆవిడ తలలోనే ఉంది. మాస్టారు తలుపు దగ్గర నిలబడి, "సుగుణా, నువ్వు చెప్పు, నేను రాస్తాను. నా స్పీడు నీకు తెలుసు కదా" అన్నారు. "మీరు తప్ప ఎవరైనా రాయచ్చు" అంది ఆవిడ. అంతే, నాలుగు బ్యాచీలూ కంప్యూటరు వదిలేసి కాగితం, పెన్ను పట్టుకున్నాయి. గొర్రెల కాపరుల మాటలు పొద్దున్నే నర్సింగన్న రాశాడు. దేవదూతవి మా అమ్మ. హేరోదు రాజువి మేము. తీరా అన్నీ కలిపి చదివితే ఆంటీ నెత్తిమీద చేతులు పెట్టుకుంది. ఆవిడ చెప్పింది గ్రంథపు తెలుగు. రాసినవాళ్ళు రాసింది ఎవరి నోటికి వచ్చింది వాళ్ళు. కాపరి, "ఏందిరా బై గా వెలుగు? కండ్లు గుంజుతున్నయ్" అంటున్నాడు. దేవదూత ఆకాశంలోంచి, "భయపడిపోకండర్రా! మంచి కబురు పట్టుకొచ్చేను" అంటోంది. హేరోదు, "నాకు రేపటికల్లా ఫుల్ రిపోర్టు కావాలి" అని హుకుం జారీచేస్తున్నాడు. ఆవిడ ఎర్ర పెన్ను అడిగింది. నేను అందించాను. కాసేపు దాన్ని వణికే వేళ్ళ మధ్య పట్టుకుని, మూత పెట్టేసి, "ఉండనీ. బేత్లెహేములో మాత్రం అందరూ ఒక్క ఊరివాళ్ళా?" అంది.

ఇప్పుడు ఎవరి మిషను వాళ్ళది. ఏ గిన్నె ఎంత పెద్దదని ఎవరితోనూ వాదించక్కర్లేదు. మా అమ్మ ఈ వయసులో ట్యాబు మీద ముగ్గులు వేస్తోంది. వాటిని ఎవరూ చెరపరు. ఎవరూ చూడరు కూడా. అప్పుడప్పుడు ఆవిడ నిట్టూర్చి, "నర్సింగరావుగారు ఉంటే ఈపాటికి తీసీసుందురు" అంటుంది. అది ఫిర్యాదో, బెంగో ఇంతవరకూ తేల్చుకోలేకపోయాను. నా మటుకు నాకు, ఆ డిస్కు మీద గీసిన గీతలన్నీ మనుషుల్ని విడదీయడానికే గీశాం. అవి పని చేసినంత బాగా ఆ ఇంట్లో మరే యంత్రమూ పని చెయ్యలేదు. అయినా ఆ నెలలో మేము ఒకరి గిన్నెలో ఒకరం చెయ్యి పెట్టినంతగా మరెప్పుడూ పెట్టలేదు.

ఇంతకీ ఆ క్రిస్మస్ నాటకంలో ఒక్కటే మిగిలింది, మరియ భర్త యోసేపు మాటలు. ఆంటీ మాస్టారిని పిలిచి కాగితం ముందు పెట్టింది.

"యోసేపువి మీరు రాయండి."

మాస్టారి ప్రాణం లేచి వచ్చింది. పెన్ను తీశారు. "చెప్పు."

"నేను చెప్పను. మీరే ఆలోచించి రాయండి."

ఆయన తెల్లబోయారు. జీవితమంతా ఇతరులు రాసినవి తప్పు లేకుండా కొట్టిన మనిషి, సొంతానికి ఒక్క వాక్యం రాసి ఎరగరు. ఆ కాగితం జేబులో పెట్టుకుని చాలారోజులు తిరిగారు. ఎప్పుడు రాశారో, ఏం రాశారో మాకెవరికీ చూపించలేదు. తిన్నగా యోసేపు వేషం వేసే కుర్రాడి చేతికి ఇచ్చేశారు.

నాటకం రోజు చర్చి ఆవరణ కిటకిటలాడింది. షామియానా, కుర్చీలు నర్సింగన్నవి. వెనక వరుసలో ఆయనే కాపలా. "ఏందిరా బై" అనగానే బన్సీలాల్‌పేట్ వైపు కూచున్నవాళ్ళు ఈలలు వేశారు. దేవదూత నోరు విప్పగానే మా అమ్మ నా చెయ్యి గిల్లి, "నేను రాసిందే, నేను రాసిందే" అంది. ఆంటీ ముందు వరుసలో కూచుంది. పక్క కుర్చీ మీద తన హ్యాండ్‌బ్యాగు పెట్టుకుంది. మాస్టారు వేదిక పక్కన తెర తాడు పట్టుకుని నిలబడ్డారు, ఎవరూ అక్కడ నిలబడమనకపోయినా.

సత్రం ఘట్టం వచ్చింది. యోసేపు గడ్డం సగం ఊడి వేలాడుతోంది. వాడు మరియ వైపు తిరిగి, ఒక్కో మాటా కూడబలుక్కుని చెప్పాడు: "ఇక్కడ చోటు లేదంటున్నారు మరియా. నీకు చోటు ఉండేది. సర్దుతున్నాననుకుని నేనే పోగొట్టాను. ఇకనుంచి నువ్వు ఎక్కడ కూచుంటే అదే చోటు. నేను ఏదీ కదపను."

పాస్టరుగారు చటుక్కున బైబిలు తెరిచి, ఆ మాట ఏ సువార్తలో ఉందా అని పేజీలు తిప్పసాగారు. ముందు వరుసలో ఆంటీ కదలకుండా కూచుంది. కాసేపటికి ఆవిడ చెయ్యి వణుకుతూనే పక్కకి వెళ్ళి, హ్యాండ్‌బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకుంది. మాస్టారు చూడలేదు, తాడుకేసే చూస్తున్నారు. నేను లేచి పిలుద్దామా వద్దా అని తటపటాయిస్తుండగా వెనక వరుసలోంచి, చర్చి గంటకి పోటీగా, నర్సింగన్న గొంతు మోగింది:

"ఓ సార్! టీచరమ్మ పక్కన కుర్సీ ఖాళీ అయింది. జల్ది రాండ్రి, లేకుంటే నేను కూసుంట!"